బోల్టు పడిందని తూటా సరిపోయినట్టు కాదు

గౌరవనీయులైన సంపాదకులు గారికి నమస్కారం.

నేను పోలీసు శాఖలో ఆర్మరర్‌గా పనిచేసి రిటైరయ్యాను. కావలిలో ఉంటున్నాను. తుపాకులు విప్పడం, తుడవడం, అరిగిన స్ప్రింగులు మార్చడం, రేంజి దగ్గర గొట్టంలో ఇరుక్కున్న ఖాళీ కేసులు (పేలిన తూటాల ఇత్తడి తొడుగులు) ఊడదీయడం, ఇదే నా సర్వీసంతా. ఇప్పటికీ ఉదయగిరి, కొండాపురం, కనిగిరి వైపుల నుంచి లైసెన్సు తుపాకులున్న రైతులు, బ్యాంకుల్లో గన్‌మేన్‌గా చేసే మాజీ సైనికులు ఇంటికొచ్చి సందేహాలు అడుగుతుంటారు. ఎవరొచ్చినా చివరికి అడిగేది ఒకటే: "అన్నా, ఈ తూటా దీంట్లో పడతాదా?" తూటాను లోపలికి తోసి మూసే బోల్టు పడటం వేరు, తూటా సరిపోవటం వేరు. ఆ తేడా తెలియక కళ్ళు, వేళ్ళు పోగొట్టుకునే ప్రమాదం ఉంది గనక ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పెద్దదైనా దయచేసి కుదించకుండా వేయండి.

ఆ మధ్య సీతారామపురం వైపు నుంచి ఒకాయన వచ్చాడు. పాతిల్లు పడగొడుతుంటే గొడ్ల చావిడి అటక మీద వాళ్ళ తాత ఇనప్పెట్టె దొరికిందట. తాత రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసినాయన. పెట్టెలో డిశ్చార్జి కాగితం, మెడల్స్, గుడ్డలో చుట్టిన ఒక క్లిప్పు, దానికి ఐదు తూటాలు. ఫోన్లో ఫొటోలు చూపించాడు. వేళ్ళతో పెద్దవి చేసి చూశాను. అడుగున కె, ఎఫ్ అక్షరాలు, మధ్యలో బాణం గుర్తు, 43 అని సంవత్సరం, రోమన్ అంకెల్లో ఏడు. అంటే పూణే దగ్గర ఖడ్కీ ఫ్యాక్టరీలో 1943లో తయారైన త్రీ నాట్ త్రీ (సైన్యం వాడిన .303 రైఫిల్) తూటా, మార్క్ 7 రకం. క్యాపు (దెబ్బ తగలగానే మందును అంటించే బిళ్ళ) చుట్టూ ఊదారంగు వలయం కొద్దిగా మిగిలుంది, బాల్ రౌండుకు, అంటే మామూలు గుండున్న తూటాకు గుర్తది. ఇత్తడి మీద పచ్చగా చిలుము పట్టింది. ఒకదాని మెడ మీద, గుండును పట్టుకునే చోట, వెంట్రుకంత చీలిక నిలువుగా ఉంది.

ఆయన అడిగింది ఇది: "మా బావమరిదికి త్రీ ఫిఫ్టీన్ లైసెన్సు ఉండాది. రెండు తూటాలూ చూడను ఒకటి మాదిరే ఉండాయి. పందులు శెనగ చేలో పడి తొక్కేస్తా ఉండాయి, దీంట్లో ఏసి కాల్చొచ్చునా?"

ఆయన్ని తప్పు పట్టలేం. చూపుకు రెండు రైఫిళ్ళూ అన్నదమ్ముల్లాగే ఉంటాయి. బ్రిటిష్ వాళ్ళు సైన్యం తూటా పౌరుల చేతుల్లో ఉండకూడదని త్రీ నాట్ త్రీని ఆపేశారు. దాని బదులు పౌరులకు మన దేశంలో స్థిరపడింది త్రీ ఫిఫ్టీన్. అది నిజానికి ఆస్ట్రియా సైన్యం 1890 ప్రాంతంలో వాడిన మాన్‌లిషర్ తూటా. మన ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ వాళ్ళు ఆ తూటాకి తగ్గ గొట్టాన్ని లీ-ఎన్‌ఫీల్డ్ (త్రీ నాట్ త్రీ రైఫిల్ అసలు పేరు) బోల్టు బాడీకే బిగించి స్పోర్టింగ్ రైఫిల్ చేశారు. అందుకే బోల్టు, పిడి ఒకే తీరు. లోపల మాత్రం పోలికే లేదు. త్రీ నాట్ త్రీ కేసు పొడవు 56 మిల్లీమీటర్లు, గుండు మందం సుమారు 7.9. త్రీ ఫిఫ్టీన్ కేసు 50 మిల్లీమీటర్లు, గుండు 8.2. కొలతలే ఇంత తేడాగా ఉంటే బోల్టు తనంతట తాను పడదు. పడనప్పుడు మనవాళ్ళు ఏం చేస్తారో నాకు తెలుసు, అరచేత్తో గట్టిగా కొడతారు. బోల్టు నునుపుగా పడకపోతే ఆ రైఫిల్ "వద్దు" అంటున్నట్టు. అక్కడ బలం చూపించకూడదు.

చట్టం సంగతి కూడా చెప్పాను. త్రీ నాట్ త్రీ గానీ 7.62 గానీ సర్వీసు తూటా పేల్చగలిగే రైఫిల్ ఏదైనా ప్రొహిబిటెడ్ బోర్, అంటే పౌరులకు నిషేధించిన రకం కిందికి వస్తుంది. ఆ తూటా ఉందని తెలిసి ఇంట్లో ఉంచుకోవడమే నేరం. తాతగారి జ్ఞాపకమని దాచుకున్నా అంతే. కానీ ఆయుధాల చట్టం 21వ సెక్షన్ ప్రకారం అలాంటి వాటిని దగ్గరి పోలీసు స్టేషన్లో అప్పగించే దారి ఉంది. నేనే వెంట వెళ్ళి అప్పగింపించాను, రసీదు ఇచ్చారు. మెడల్స్, డిశ్చార్జి కాగితం ఆయనవే, ఇంటికి తీసుకెళ్ళాడు.

ఆ మెడ మీద చీలిక గురించి కొంచెం చెప్పాలి. ఎందుకంటే మన ఊళ్ళలో ఇనప్పెట్టెలు ఎక్కువగా ఉండేది చావిళ్ళ అటకల మీదే. వెనకటికి బ్రిటిష్ సైన్యం వాన రోజుల్లో తూటాలను గుర్రపు శాలల్లో నిల్వ చేసేది. వానాకాలం అయ్యాక చూస్తే పేల్చని తూటాలకే మెడలు చీలిపోయి ఉండేవి. కారణం చాలాకాలం అర్థం కాలేదు. 1921లో తేలింది: పశువుల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా ఆవిరి, గాలిలో తేమ, తయారీలో ఇత్తడిలో మిగిలిన బిగువు, మూడూ కలిసి చీలుస్తున్నాయని. మన చావిడిలో కూడా అవే గొడ్లు, అదే మూత్రం, సముద్రపు గాలి అదనం. చిలుము తుడిచేస్తే తూటా బాగైపోదు. నిమ్మకాయ పెట్టి తోమి మెరుగు తెచ్చిన వాళ్ళున్నారు. మెరుపు వస్తుంది, చీలిక ఎక్కడికీ పోదు.

పాత తూటాలో మందు, క్యాపు కూడా నమ్మకం తప్పి ఉంటాయి. ట్రిగ్గర్ లాగుతావు, టిక్కుమంటుంది, పేలదు. అప్పుడు చాలామంది వెంటనే బోల్టు లాగి చూస్తారు. మందు లోపల నెమ్మదిగా అంటుకుని ఒకటి రెండు క్షణాల తర్వాత పేలడం నేను రేంజిలో కళ్ళారా చూశాను. బోల్టు తెరిచి ఉండగా అదే జరిగితే ఆ ఇత్తడి, ఆ మంట ఎదురుగా ఉన్న ముఖానికి తగులుతాయి. పేలకపోతే గొట్టం టార్గెట్ వైపే పెట్టి నిమిషం సేపు కదలకుండా ఉండాలి, తర్వాతే బోల్టు తీయాలి.

ఇంకో ప్రమాదం చప్పుడు తక్కువ రావడం. ఒకసారి యాన్యువల్ ఫైరింగ్‌లో ఒక కుర్ర కానిస్టేబుల్ రైఫిల్ "తుస్" మంది. వాడు అలవాటు చొప్పున బోల్టు లాగి ఇంకో రౌండు తోయబోతున్నాడు. వెనక నుంచి కేకేసి ఆపించాను. రైఫిల్ తీసుకుని, బోల్టు ఊడదీసి, వెలుతురు వైపు పట్టి చూస్తే గొట్టం చీకటి. గుండు మధ్యలో కూర్చుని ఉంది. ఇత్తడి రాడ్డు పెట్టి సుత్తితో కొడితే గానీ రాలేదు. దాని వెనక రెండో గుండు వెళ్ళి ఉంటే గొట్టం ఉబ్బి చీలేది. ఎడమ చెయ్యి సరిగ్గా అక్కడే ఉంటుంది.

బోల్టు సంగతి చాలామందికి తెలియదు. లీ-ఎన్‌ఫీల్డులో బోల్టు పిడి మీద ఒక నంబరు, బాడీ మీద ఒక నంబరు కొట్టి ఉంటాయి. రెండూ ఒకటే కావాలి. ఈ రైఫిల్ బోల్టు ఆ రైఫిల్‌కి చక్కగా పడుతుంది, పేలుతుంది కూడా. కానీ బోల్టు మొహానికీ తూటా అంచుకీ మధ్య ఉండాల్సిన ఖాళీ ప్రతి రైఫిల్‌కీ చూసి కుదిర్చింది. వాటిలోనే నంబర్ 4 అనే రకం రైఫిళ్ళకైతే బోల్టు తలలే 0 నుంచి 3 దాకా నాలుగు సైజులుంటాయి. ఆ ఖాళీ ఎక్కువైతే పేలినప్పుడు కేసు వెనక్కి సాగి అడుగు తెగిపోతుంది. అడుగు బోల్టుతో బయటికి వస్తుంది, కేసు మిగతా భాగం చాంబర్లో (గొట్టం వెనక తూటా కూర్చునే చోట) ఉండిపోతుంది. తెగబోయే ముందు ఒక గుర్తు కనిపిస్తుంది: పేలిన కేసు అడుగు నుంచి కొంచెం పైన, చుట్టూ మెరిసే గీత. అనుమానం వస్తే సన్నటి తీగ కొనను కొక్కెంలా వంచి కేసు లోపల గోడ మీద పైకి లాగి చూడాలి. గీత దగ్గర గాడిలో తగులుకుంటే ఆ రైఫిల్ ఆ రోజు నుంచి గేజీ (ఆ ఖాళీని కొలిచే సాధనం) పెట్టి చూసేదాకా మూలన ఉండాల్సిందే. కొత్త తూటా వేసినా అది మారదు.

ఫోర్ టెన్ మస్కెట్ ఇంకా మోసం చేస్తుంది. కాపలా డ్యూటీల కోసం కలకత్తా దగ్గరి ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో త్రీ నాట్ త్రీ రైఫిళ్ళనే గాడులు లేని నున్నటి గొట్టంగా మార్చారు. మ్యాగజైన్‌లో చెక్క దిమ్మ పెట్టి ఒక్కో రౌండే వేసేలా చేశారు. దాని తూటా కేసు త్రీ నాట్ త్రీ కేసే, మెడ నొక్కకుండా వదిలేసింది. అందుకని త్రీ నాట్ త్రీ తూటా అందులోకి హాయిగా జారిపోతుంది, బోల్టు మెత్తగా పడుతుంది. పేలితే మెడకి ఆసరా ఉండదు, కేసు పగిలి గ్యాసు వెనక్కి తంతుంది. ఇటు బజారులో దొరికే ఫోర్ టెన్ షాట్‌గన్ తూటా దీనికి సన్నం, అదీ చీలుతుంది. పేరు ఒకటే ఉంటే తూటా ఒకటే అనుకోవడానికి వీల్లేదని ఇక్కడే తెలుస్తుంది.

ఈ ఉత్తరం రాయాలనిపించడానికి మా మేనల్లుడు కూడా ఒక కారణం. డల్లాస్‌లో ఉంటాడు. అక్కడ పాత మిలిటరీ రైఫిళ్ళు పౌరులు కొనుక్కోవచ్చు. ఒకరోజు వాట్సాప్‌లో ఫొటో పెట్టాడు: "మామా, నువ్వు తుడిచిన తుపాకి నేను కొన్నాను చూడు." మ్యాగజైన్ చూడగానే తెలిసింది. త్రీ నాట్ త్రీ మ్యాగజైన్ ముందుకి వాలి ఉంటుంది, ఇది చదరంగా పెట్టెలా నిలబడి ఉంది. పక్కన ఆర్.ఎఫ్.ఐ. అని, అశోక సింహాలు. ఇషాపూర్ 2ఏ1. చైనా యుద్ధం తర్వాత 1960లలో మన దగ్గరే 7.62 తూటాకి తయారైంది. పాత త్రీ నాట్ త్రీకి గొట్టం మార్చింది కాదు, ఉక్కు మార్చి కొత్తగా చేసింది. ఎవరో మిత్రుడు వాడికి దాన్లో త్రీ నాట్ త్రీ వేయొచ్చన్నాడట. అస్సలు వద్దన్నాను. త్రీ నాట్ త్రీకి అనుమతించిన గరిష్ఠ ఒత్తిడి యూరప్ లెక్కల్లో 365 మెగాపాస్కల్, 7.62 బాపతు తూటాకి 415. త్రీ నాట్ త్రీ తూటా అడుగున పొడుచుకొచ్చిన అంచుంటుంది, ఈ 7.62కి ఉండదు. అలాగే, పాత త్రీ నాట్ త్రీని ఎవడో 7.62కి మార్చి అమ్మినా నమ్మొద్దని చెప్పాను.

2ఏ1లో కూడా ఏ 7.62 పడితే అది కాదు. 7.62 అని రాసి ఉన్న తూటాలు ఎన్నో ఉన్నాయి. 51 మిల్లీమీటర్ల నాటో తూటా ఒకటి, రష్యా వాళ్ళ అంచున్న 54 ఒకటి, ఏకే-47లో వాడే 39 ఇంకోటి. నాటో తూటాతో కొలతలు కలిసే పౌరుల .308 తూటా ఉంది, దాన్ని వేట కోసం బాగా గట్టిగా నింపి అమ్ముతారు. మన 2ఏ1 బోల్టు లాకులు వెనక వైపు ఉంటాయి, అంత దూకుడు దానికి అక్కర్లేదు. సైనిక కొలతల్లో చేసిన మామూలు బాల్ తూటా, సుమారు 147 గ్రెయిన్ల గుండు, అదే వాడమన్నాను. ముందు గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్ళి చాంబర్ గేజీ పెట్టించు, గొట్టం లోపల చూపించు, ఆ తర్వాతే పెట్టె కొను అన్నాను. వాడు అలాగే చేశాడు, గేజీ కుదిరిందని ఫొటో పంపాడు.

వాడి స్నేహితుడొకడికి జర్మన్ మౌజర్ ఉందట, ఆ ప్రశ్న కూడా నాకే వచ్చింది. జర్మన్లు 1905 నాటికి గుండు మందం .318 అంగుళాల నుంచి .323కి పెంచారు. పాత సన్న గొట్టంలో కొత్త లావు గుండు దూరితే ఒత్తిడి ఎక్కడికి పోతుందో ఊహించుకోవచ్చు. అమెరికాలో పౌరులకు అమ్మే ఆ తూటాని ఇందుకే కావాలని తక్కువ బలంతో నింపుతారు. అమెరికా వాళ్ళ సొంత స్ప్రింగ్‌ఫీల్డ్ 1903 రైఫిల్లోనూ ఒక చిక్కుంది. మొదటి సుమారు 8 లక్షల నంబరు దాకా ఉక్కు కాల్చే వేడిని పనివాడు కంటితో రంగు చూసి అంచనా వేసేవాడు. మబ్బుగా ఉన్న రోజు, ఎండ ఉన్న రోజు రంగు ఒకేలా కనిపించదు. కొన్ని బాడీలు పెళుసెక్కి పగిలాయి. 1918లో పద్ధతి మార్చారు. అంటే తూటా సరైనదైనా బాడీ నంబరు చూడాల్సిన రైఫిల్ కూడా ఒకటుంది.

మళ్ళీ మన దగ్గరికి వస్తాను. పాత సైనిక తూటాల క్యాపుల్లో క్లోరేటు ఉండేది. పేలాక గొట్టంలో ఒక ఉప్పు మిగులుతుంది, మనం తినే ఉప్పుకి దగ్గర చుట్టం. అది గాలిలో తేమను లాక్కుంటుంది. కావలిలో, మైపాడులో, రామాయపట్నంలో ఆ గాలికి కొదవేముంది! సాయంత్రం ఫైరింగ్ చేసి నూనె గుడ్డతో తుడిచి పెడితే, తెల్లారేసరికి గాడుల్లో ఎర్రగా తుప్పు లేచేది. నూనె ఆ ఉప్పుని కరిగించదు, నీళ్ళే కరిగిస్తాయి. మా బెల్ ఆఫ్ ఆర్మ్స్ (ఆయుధాలు భద్రపరిచే గది) వెనక పొయ్యి మీద బిందెలో నీళ్ళు సలసలా కాగుతుండేవి. గరాటు పెట్టి చాంబర్ వైపు నుంచి పోస్తే మొదట నల్లగా, తర్వాత తేటగా వచ్చేవి. గొట్టం చెయ్యి కాలేంత వేడెక్కి తనంతట తానే ఆరిపోయేది. అప్పుడు పుల్‌త్రూకి (గొట్టం తుడిచే తాడుకి) ఫోర్ బై టూ గుడ్డ కట్టి లాగి, పొడిగా వచ్చాక పల్చగా నూనె. లోపల గుంటలు పడ్డ గొట్టం గురి తప్పుతుంది, ఆ గుంటల్లో మళ్ళీ ఉప్పు చేరుతుంది.

తూటా పెట్టె మీద గుర్తులు కూడా చదవాలి. త్రీ నాట్ త్రీలోనే మార్క్ 8 జెడ్ అని ఒకటుంది. 1938లో వికర్స్ మెషిన్‌గన్ కోసం చేసింది, దూరానికి బలంగా నింపింది. రైఫిల్లో వేస్తే గొట్టం త్వరగా అరుగుతుంది. క్యాపు చుట్టూ ఎరుపు ఉంటే ట్రేసర్ (వెలుగు గీత గీస్తూ పోయేది), ఆకుపచ్చ ఉంటే ఆర్మర్ పియర్సింగ్ (ఉక్కు కవచాన్ని చీల్చేది). డీపీ (డ్రిల్ పర్పస్) అని కొట్టిన రైఫిల్ ఎన్‌సీసీ పిల్లల డ్రిల్లుకే. వాటిని పేలకుండా పాడు చేసి ఇస్తారు, మరమ్మతు చేస్తామని ఎవరూ చెయ్యి పెట్టకూడదు.

మన జిల్లాల్లో పౌరుల చేతిలో ఎక్కువగా ఉన్నవి పన్నెండు బోర్ గన్నులు. ఈ చిక్కు వాటిలో కూడా ఉంది. పాత ఇంగ్లీషు జోడు నాళాలకి చాంబర్ 65 మిల్లీమీటర్లు. ఇప్పుడు దొరికే వాటిలో 70 మిల్లీమీటర్లవి ఉన్నాయి. ఆ కొలత పేలి విచ్చుకున్నాక ఉండే పొడవు. పేలకముందు మూతి మడిచి ఉంటుంది గనక పొట్టి, 65 చాంబర్లో ఇబ్బంది లేకుండా కూర్చుంటుంది. పేలగానే మూతి విచ్చుకోవడానికి చోటు లేక ముందున్న సన్నటి చోట ఇరుక్కుంటుంది, ఒత్తిడి అమాంతం పెరుగుతుంది. ముందు చెక్క ఊడదీసి, నాళాలు విడదీసి, అడుగున చదును భాగం మీద చూస్తే చాంబర్ కొలత కొట్టి ఉంటుంది. కొలత లేదంటే ఆర్మరర్‌తో కొలిపించాలి. ఖడ్కీ ఫ్యాక్టరీ శక్తిమాన్ తూటాల పెట్టె మీద 65, 70 స్పష్టంగా ముద్రించి ఉంటాయి, డీలర్ దగ్గర అది చదవందే డబ్బు ఇవ్వొద్దు. నాళం మీద మెలికల అల్లిక గీతలు కనిపిస్తే డమాస్కస్ నాళం, పాత నల్ల తుపాకిమందు కాలంది. దానిని గోడకి తగిలించుకోవచ్చు, పేల్చకూడదు.

ఇన్ని చెప్పాక అధికారులకు ఒక విన్నపం. 2019 సవరణ తర్వాత లైసెన్సు ఐదేళ్ళకోసారి రెన్యువల్ చేస్తున్నారు. నేను చూసినంతవరకు ఆ సమయంలో తుపాకి నంబరు కాగితంతో సరిపోల్చుతారు, అంతే. చాంబర్ ఎంత, గొట్టం ఎలా ఉంది, యజమాని ఏ తూటా కొంటున్నాడు అని ఎవరూ అడగరు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా లైసెన్సు తుపాకులు స్టేషన్లలోనో డీలర్ల దగ్గరో డిపాజిట్ అవుతాయి. వారాల తరబడి అక్కడే ఉంటాయి. ఆ సమయంలో జిల్లా హెడ్ క్వార్టర్స్ నుంచి ఆర్మరర్ని ఒక్కో స్టేషన్‌కి ఒక్కో రోజు పంపి, గేజీ పెట్టి చూసి, తుపాకికి ఒక చీటీ కట్టి ఇవ్వమనండి: చాంబర్ ఇంత, ఈ తూటా మాత్రమే, ఈ నాళం పనికిరాదు. తుపాకి తిరిగి తీసుకెళ్ళేటప్పుడు యజమాని సంతకం పెట్టి పట్టుకెళ్తాడు. కొత్తగా నిధులు అక్కర్లేదు, కొత్త జీవో కూడా అక్కర్లేదనుకుంటాను.

అలాగే తాతల పెట్టెల్లో దొరికే తూటాల కోసం మన జిల్లాల పోలీసు అధికారులు ఒక నెల గడువు ప్రకటించి, ఆ లోపు అప్పగించిన వారసుల మీద కేసు పెట్టబోమని గ్రామ సచివాలయాల దగ్గర బోర్డు పెట్టిస్తే చాలామంది ముందుకొస్తారు. ఇప్పుడు భయపడి బావుల్లో పడేస్తున్నారు, పెంటకుప్పల్లో పూడుస్తున్నారు, కొందరు పొయ్యిలో వేసి వదిలించుకోవాలని చూస్తున్నారు. పూడ్చిన చోట రేపు పిల్లలు తవ్వుతారు.

ఆర్మరర్ల కొరత అని అంటే, రిటైరైన వాళ్ళం కొందరం ఇక్కడే ఉన్నాం. ఇత్తడి రాడ్డు, గేజీలు, లైటు నా దగ్గర ఉన్నాయి. ఏ స్టేషన్ వాళ్ళు పిలిచినా సొంత ఖర్చులతో వస్తాను.

ఇట్లు,
రిటైర్డ్ పోలీసు ఆర్మరర్,
కావలి, నెల్లూరు జిల్లా